చాప కింద కారు

మా సాలెవాయి ఊరి కారుకు కొత్త రంగు వేయించి తెచ్చిన శుభసందర్భాన, దాన్ని ఎవరూ ముట్టరాదనీ, ఆనుకొని నిలబడరాదనీ, దాని దగ్గర్లో కొబ్బరికాయ ఒలవరాదనీ, ఎదుట నిలబడి తుమ్మరాదనీ పెద్దల సభ ఏకగ్రీవంగా తీర్మానించింది. తుమ్ము మాట చివర్లో చేర్చారు. చేర్పించిన పెద్దమనిషికి ఆ పూట జలుబుగా ఉంది. తన మీద తనకే నమ్మకం లేక చేర్పించానని ఆయన సభలో నిజాయితీగా ఒప్పుకున్నారు. తీర్మానాన్ని ఉల్లంఘించినవారు ఊరికి ఒక పందిని సమర్పించుకోవాలి. పంది లేనివారు ఒక పెట్టె మాంసం డబ్బాలు ఇచ్చుకోవచ్చు.

ఆ కారుకు డ్రైవరుని నేనే. కనుక ఈ వృత్తాంతం చెప్పే అర్హత నాకుంది. సముద్రం దాటి ఆక్లండ్‌లో ఫ్యాక్టరీ పనులు చేసుకుంటున్న మా ఊరివాళ్లు తలా కాస్త వేసుకొని ఆ కారు కొని పంపారు. ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే ఆసుపత్రికి చేర్చడానికని చెప్పి మరీ పంపారు. అది ఆసుపత్రి ముఖం చూడలేదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. మా పెద్దలు పెళ్లిళ్లకూ, చావులకూ, పట్నం అపియాలో పంటి నొప్పికీ వెళ్లిన ప్రతిసారీ ఆసుపత్రి ముందు నుంచే వెళ్లేవాళ్లం.

ఆ కొత్త రంగుకు ముందు, ఒకనాడు అలా ఒక చావు భోజనం చేసి తిరిగి వస్తుండగా, ఊరి పెద్ద తుయిమావె గారు కారును పెలెనీసె అవ్వ ఇంటి ముందు, సీమపనస చెట్టు కింద ఆపమన్నారు. ఎండలో నిలిపితే సీటు కాలిపోతుందనీ, తమ శరీరంలో ఆ భాగం తమ తండ్రిగారి కాలం నుంచీ సున్నితమైనదనీ సెలవిచ్చారు. ఆపాను. వారు దిగి, ఒళ్లు విరుచుకొని, ఇంకా ఆవులింత పూర్తి కాకముందే బాగా పండిన సీమపనస కాయ ఒకటి పైనుంచి రాలి బానెట్ మీద పడింది. చంటిపిల్లకు నీళ్లు పొయ్యడానికి సరిపోయేంత సొట్ట పడింది. ఇంజనుకు ఏమీ కాలేదు. లోపలి నుంచి గుప్పిటతో ఒక్క గుద్దు గుద్దితే ముప్పాతిక మూడొంతులు సర్దుకుంటుందని నేను మనవి చేశాను. తుయిమావె గారు నా గుప్పిటను కాసేపు చూసి, కారెక్కకుండానే నడిచి ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే సభ కూడింది. సభ మొదట్లో అందరూ తాగే కావా పానీయం గిన్నె చేతులు మారింది. నేరం ఎవరిదని విచారణ మొదలైంది. కారును అక్కడ ఆపమన్నది ఎవరన్న ప్రశ్న మర్యాద గల సభ గనుక రాలేదు. చెట్టు మా అందరికంటే ముందు నుంచీ అక్కడ ఉండటం దాని అహంకారానికి రుజువుగా తేలింది. ఊరి తరపున మాట్లాడే వక్త లోటోమావు గారు తమ కర్రను నేలకు ఆనించి, చామరాన్ని భుజం మీద వేసుకొని, "పండిన కాయ రాలుతుందని చెట్టు గలవారికి తెలియదా? తెలిసీ కోయించకపోతే దాన్ని ఏమంటారు?" అని సభను అడిగారు.

పెలెనీసె అవ్వ ఒంటరి మనిషి. భర్త పోయాడు. మా ఊళ్లో అందరి ఇళ్లలాగే ఆయన సమాధి ఇంటి ముందే ఉంది. ఆవిడ దానికి తనే సున్నం వేసుకుంటుంది. సభ అంచున కూర్చొని ఆవిడ జవాబు చెప్పింది.

"కోయమని మీ కుర్రాళ్లను బతిమాలుతూనే ఉన్నా నాయనా. రగ్బీ ఆట అయ్యాక వస్తామన్నారు. ఆట ఇంకా అయినట్టు లేదు."

దీన్ని తలబిరుసుతనంగా సభ నమోదు చేసుకుంది. తీర్పు వెంటనే వచ్చింది. ఒకటి, చెట్టును నరికేయాలి. రెండు, బాగుపడిన కారు ఊరికి వచ్చాక అవ్వ దానికి చాప కప్పుకొని క్షమాపణ చెప్పుకోవాలి. కారు ఆ క్షమాపణను స్వీకరించకపోతే ఆవిడ ఆదివారం లోపల ఊరు విడిచి పోవాలి. ఇల్లూ సమాధీ ఇక్కడే ఉంటాయి. వాటి మీద ఎవరికీ కోపం లేదు.

చాప కప్పుకోవడమంటే మా దగ్గర ఆషామాషీ వ్యవహారం కాదు. పెద్ద తప్పు చేసినవాళ్లు తమ ఇంట్లోకెల్లా విలువైన సన్నచాపను తల మీద కప్పుకొని, తెల్లవారేసరికి బాధితుల ఇంటి ముందు వచ్చి కూర్చుంటారు. నోరు మెదపరు. బాధితులు బయటికి వచ్చి ఆ చాపను ఎత్తితే క్షమించినట్టే. ఆ గొడవను మళ్లీ ఎవరూ ఎత్తకూడదు. చాప కింద ఎవరుంటే వాళ్లు తప్పు చేసినవాళ్లు, ఎవరి ఇంటి ముందు కూర్చుంటే వాళ్లు తప్పును భరించినవాళ్లు. హత్యలు కూడా మా దీవిలో ఇలాగే చల్లారాయి. ఇంతకు మించిన చట్టం మాకు లేదు.

ఇక మరమ్మతు సంగతి. మా బావమరిది ఒకడు, ఇంత లప్పం పూసి, చర్చి పైకప్పుకు వేయగా మిగిలిన రంగు కొడితే సాయంత్రానికి పని అయిపోతుందన్నాడు. వాడికి ఒక పంది జరిమానా పడింది. పని పద్ధతిగా జరగాలని సభ పట్టుబట్టింది. పద్ధతిగా జరగాలని మా సభ పట్టుబట్టడం నాకు తెలిసి అదే మొదటిసారి. స్కూలు పైకప్పు విషయంలోనూ, నీళ్ల గొట్టం విషయంలోనూ ఈ పట్టు ఎవరికీ గుర్తు రాలేదు.

కారును అపియాలో ఇయెరోమె షెడ్డుకు తీసుకెళ్లాం. ఇయెరోమె ఆక్లండ్‌లో పని నేర్చుకొని వచ్చినవాడు. తెల్లకోటు వేసుకుంటాడు. సొట్టను వేలితో తట్టి, చెవి పెట్టి విని, కళ్లు మూసుకొని, "ఎవరైనా గుప్పిటతో గుద్దారా?" అని అడిగాడు. లేదన్నాం. "బతికించారు," అన్నాడు. రేకును వెనక నుంచి కొద్దికొద్దిగా కొట్టి పైకి తేవాలట. లప్పం పల్చగా పూయాలి, మందంగా పూస్తే ఏడాది తిరగకముందే పగిలిపోతుంది. దాన్ని గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి, ప్రైమర్ కొట్టి, మళ్లీ రుద్ది, పాత నీలంతో కలిసిపోయే నీలం కలిపి, దుమ్ము చొరబడని గదిలో రంగు కొట్టాలి. దాని మీద మెరుపు పూత. ఒక్క బానెట్‌కే కొత్త రంగు వేస్తే మిగతా ఒళ్లు వెలిసిపోయినట్టు కనిపిస్తుందని పైకప్పుకూ తలుపులకూ కూడా కొట్టించాలన్నాడు.

"ఎన్నాళ్లు పడుతుంది బాబూ?" అని లోటోమావు గారు అడిగారు.

"పని మంచిగా కావాలా, తొందరగా కావాలా?"

"మంచిగానే కావాలి. తొందర మాకు ఏ పనిలోనూ లేదు," అన్నారు లోటోమావు గారు. ఆ రోజంతా ఆయన చెప్పినవాటిలో అదొక్కటే అక్షరాలా నిజం.

కారు షెడ్డులో ఉన్నన్నాళ్లూ ఊరి పెద్దలు వంతులవారీగా బస్సెక్కి దాన్ని పరామర్శించి వచ్చారు. వెళ్లేటప్పుడు కాల్చిన చేమదుంపలూ, కొబ్బరిపాలు పోసి వండిన ఆకుకూరా పట్టుకెళ్లేవారు. కారు తినదు గనుక అవి ఇయెరోమె తినేవాడు. పని అందుకే ఆలస్యమైందని గిట్టనివాళ్లు అంటారు.

అప్పగించే రోజున ఇయెరోమె మమ్మల్ని వరసగా నిలబెట్టి జాగ్రత్తలు చెప్పాడు. "వినండి. రంగు పైకి ఆరినట్టు కనిపిస్తుంది. లోపల పచ్చిగానే ఉంటుంది. నెల రోజులు పసిబిడ్డలా చూసుకోవాలి. మైనం పూయొద్దు. బ్రష్షు పెట్టి రుద్దొద్దు. చెట్టు కింద పెట్టొద్దు, జిగురు పడుతుంది. పక్షి రెట్ట పడితే తుడవొద్దు, వెంటనే మంచినీళ్లు పొయ్యండి. ఇక అన్నిటికంటే ముఖ్యం, మీద ఏదీ కప్పొద్దు. గుడ్డ కాదు, పట్టా కాదు, ఏదీ కాదు. రంగు ఊపిరి పీల్చుకోవాలి."

ఊపిరి అనే మాట పెద్దలను కదిలించింది. తుయిమావె గారు కళ్లు తుడుచుకున్నారు. ఊపిరి ఉన్నదానికి బాప్తిస్మం మాటేమిటని మా పాస్టరు గారు అడిగారు. హాస్యానికే అడిగానని తర్వాత చెప్పారు.

చెట్టు కింద పెట్టొద్దన్న మాట మమ్మల్ని చిక్కులో పెట్టింది. మా ఊళ్లో చెట్టు లేని చోటు లేదు. కొబ్బరో, మామిడో, సీమపనసో ఏదో ఒకటి నెత్తిన ఉంటుంది. వెతగ్గా వెతగ్గా ఊరి మొత్తానికి ఆకాశం కనిపించే జాగా ఒక్కటే దొరికింది. అది పెలెనీసె అవ్వ ఇంటి ముందు, ఈమధ్యనే చెట్టు నరికిన చోటు. మొద్దు పక్కనే కారును నిలిపాం. అవ్వ తన భర్త సమాధికి సున్నం వేస్తుంటే చుక్కలు చిందుతాయేమోనని ఆ పని ఆపించారు.

కాపలా మొదలైంది. గోరింకలను తోలడానికి పొడుగాటి కర్రలతో నలుగురు. కోళ్లకు కాలికి తాడు. దారిన పోయేవాళ్లు దుమ్ము లేవకుండా మెల్లగా అడుగెయ్యాలి. స్కూలు పిల్లలు ఆ జాగా దాటేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. అలా ఎవరూ చెప్పలేదు, భయభక్తులు వాటంతటవే వచ్చాయి. ఆ రోజుల్లోనే ఫాపూసా అనే జాలరి రాతిచేప ముల్లు తొక్కి, కాలు గుమ్మడికాయంత వాచి, కారు కావాలని కబురంపాడు. సభ అతని బాధను ఎంతో సానుభూతితో చర్చించింది. నొప్పికి మెలికలు తిరిగే మనిషి ఎక్కేటప్పుడు తలుపు మీద చెయ్యి ఆనించకుండా ఉండగలడా అని అడిగింది. చెప్పలేనని అతను నిజం చెప్పాడు. బస్సులో వెళ్లాడు. కాలు దక్కింది. తిరిగి వస్తూ కారు కోసం మామిడిపళ్లు తెచ్చాడు.

క్షమాపణ రోజు వచ్చింది. సాక్షిగా ఉండటానికి పొరుగూరు ఫాతూమోనో వక్త సెపులోనా గారిని పిలిచాం. పొరుగూరివాళ్లు చూడని క్షమాపణ ఎంత ఘనంగా జరిగితే మాత్రం ఏం లాభం? భోజనాలున్నాయని తెలిసి ఇయెరోమె కూడా వచ్చాడు. తెల్లవారుతుండగా పెలెనీసె అవ్వ తన ఇంట్లో నుంచి బయటికి వచ్చి, నాలుగడుగులు వేసి, కారు ఎదుట కూర్చొని, చాప తల మీద కప్పుకుంది. వాళ్లమ్మ మొగలి ఆకులను దారాల్లా చీల్చి ఏళ్ల తరబడి అల్లిన చాప అది. పట్టులా జారుతుంది. అంచున ఎర్రటి ఈకలు. తుయిమావె గారి ఇంట్లో కూడా అలాంటిది లేదు. లేదన్న సంగతి ఆయనకు బాగా తెలుసు.

చాపను ఎత్తవలసింది బాధితులు. బాధితులకు నాలుగు చక్రాలున్నాయి గాని చేతులు లేవు. కాబట్టి కారు తరపున లోటోమావు గారు ఎత్తాలనీ, ఎత్తే ముందు ఉచితరీతిన మాట్లాడాలనీ నిర్ణయమైంది. ఆయన కారు వంశవృక్షం నుంచి మొదలుపెట్టారు. జపానులో దాని పుట్టుక, ఓడలో దాని ప్రయాణం, సముద్రంలో అది ఎదుర్కొన్న అలలు. అందరం ఆచారం ప్రకారం తలలు దించుకొని విన్నాం. కర్రలు పట్టుకున్న నలుగురూ దించుకున్నారు.

సరిగ్గా అప్పుడే గోరింకలు వచ్చాయి. తాతల నాటి నుంచీ ఆ సీమపనస మీద వాలే గుంపు అది. చెట్టు లేదని వాటికి ఎవరూ తెలియజేయలేదు. కొమ్మల కోసం గాలిలో రెండు చుట్లు తిరిగి, తిన్నగా కారు మీదికి దిగసాగాయి. లోటోమావు గారు ఓడ రేవుకు చేరుతున్న ఘట్టంలో ఉన్నారు. తలెత్తి చూశారు. ఎన్నడూ అడుగు తీసి అడుగు వెయ్యని మనిషి ఒక్క దూకు దూకి, అవ్వ తల మీది చాపను లాగి, కారు మీద పరిచేశారు. గోరింకలు చాపను చూసి బెదిరి వెళ్లిపోయాయి.

"కప్పొద్దన్నానా!" అని ఇయెరోమె కేక పెట్టాడు.

"ఇది కప్పడం కాదు బాబూ, గౌరవించడం. గుడ్డకూ సన్నచాపకూ తేడా తెలియదా?" అన్నారు లోటోమావు గారు ఆయాసపడుతూ.

అప్పుడు సెపులోనా గారు గొంతు సవరించుకున్నారు. పొరుగూరి వక్త గొంతు సవరించుకుంటే మా ఊరికి మంచి జరిగిన దాఖలా లేదు.

"సాలెవాయి పెద్దలారా, మీ ఔదార్యానికి జోహార్లు. అవ్వ తల మీది చాప తీశారు. అంటే క్షమించారు. ఆ గొడవ ఇంతటితో సరి, దాన్ని ఇక ఎవరూ ఎత్తడానికి లేదు. బాగుంది. అయితే ఇప్పుడు నా ముసలి కళ్లకు ఇంకొకటి కనిపిస్తోంది. ఈ అవ్వ ఇంటి ముందు ఎవరో చాప కప్పుకొని కూర్చున్నారు. చూడగా మీ ఊరి కారు. ఊరి కారంటే ఊరంతా అన్నమాట. ఒంటరి ముసలావిడ పట్ల ఇంత పెద్ద ఊరు చేసిన అంత పెద్ద తప్పేమిటో తెలుసుకోవచ్చునా?"

 తుయిమావె గారు లోటోమావు గారి వంక చూశారు. లోటోమావు గారు ఆకాశం వంక చూశారు. చాపను ముట్టే హక్కు ఇక పెలెనీసె అవ్వకు తప్ప ఎవరికీ లేదు. కాదని ఇంకెవరైనా ఎత్తితే, మా దీవిలో చాపతో చల్లారిన గొడవలన్నీ మళ్లీ లేచి కూర్చుంటాయి. ఎత్తకపోతే ఎండకు పచ్చి రంగు మెత్తబడి చాపకు అంటుకుంటుంది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఎండ ఎక్కుతోంది. ఇయెరోమె తెల్లకోటు కొసను నములుతున్నాడు.

క్షమ దొరికిన అవ్వ లేచి, ఒంటి దుమ్ము దులుపుకొని, ఇంట్లోకి వెళ్లి కోకో కాచుకుంది. మా ఇళ్లకు గోడలుండవు కాబట్టి ఆవిడ కాచుకోవడం, వార్చుకోవడం, ఊదుకోవడం అందరం చూశాం.

"అవ్వా, కాస్త తొందరగా..." అన్నారు తుయిమావె గారు. ఆయన నోట తొందర అనే మాట వినడం అదే మొదలు.

"అదేమిటి నాయనా! క్షమాపణకు వచ్చినవాళ్లను కాసేపు కూర్చోబెట్టాలి. వచ్చీ రాగానే లేపి పంపిస్తే వాళ్లను చిన్నచూపు చూసినట్టు కాదూ?"

ఇక కారు తరపున లోటోమావు గారే మాట్లాడక తప్పలేదు. కారుకు ఎంత బాధగా ఉందో చెప్పారు. తప్పు జరిగిందని కాదు గాని, జరిగినట్టు ఎవరికైనా అనిపించి ఉంటే, అనిపించినందుకు కారు చింతిస్తోందన్నారు. చెట్టు నరకబడిందన్నారు. ఎవరు నరికారో ఆ వాక్యంలో ఎక్కడా లేదు. ఇంత గొప్ప ఉపన్యాసం నేను మళ్లీ వినలేదు. సూర్యుడు నడినెత్తికి వచ్చినా అది పూర్తి కాలేదు. ఉపన్యాసం సాగిన కొద్దీ చాప అంటుకుంటోందని ఇయెరోమె సైగలు చేస్తున్నా, మధ్యలో ఆపడం వంశమర్యాద కాదని ఆయన ఆపలేదు.

ముగిశాక అవ్వ అడిగింది. "నా చెట్టును కారు నరికిందా లోటోమావూ?"

"లేదవ్వా."

"నన్ను ఊరొదిలి పొమ్మన్నది కారేనా?"

"కాదవ్వా."

"మరి పాపం అదెందుకు కూర్చుంది? ఆ చెట్టు మా ఆయన పాతింది. ఆయన పోయాక నాకు తిండి పెట్టింది అదే. ఇప్పుడు పొద్దున్నే లేచి మొద్దు ముఖం చూస్తున్నా. నరకమన్న తలలు ఎక్కడున్నాయి? రండి నాయనా, మా అమ్మ చాప పెద్దదే. కారు పక్కన ఇంకా నలుగురికి చోటుంది."

ఆ మాట నాకు గుచ్చుకుంది. పెద్దలకూ గుచ్చుకునే ఉంటుంది, ఎందుకంటే అందరూ ఒక్కసారే కదిలారు. తుయిమావె గారు మోకాళ్ల నొప్పి అన్నారు. పక్కాయనకు నడుము. ఆ పక్కాయనకు వైద్యుడు నేల మీద కూర్చోవద్దని చెప్పాడట. లోటోమావు గారికి పొద్దుటి దూకుతో రెండు మోకాళ్లూ పోయాయి. పొద్దుటి నుంచీ అక్కడే నేల మీద బాసిపట్లు వేసుకొని కూర్చున్న సభలో ఇన్ని జబ్బులున్నాయని ఆ రోజే తెలిసింది.

అవ్వ ఇంకాసేపు చూసింది. ఎవరూ రాలేదు. కోకో కప్పు కింద పెట్టి, వచ్చి చాప అంచు పట్టుకుంది. "మీ కారు కోసం కాదు. మా అమ్మ చాప పాడవుతుందని," అంటూ మెల్లగా ఎత్తింది. రొట్టె మీది కాగితం ఊడినట్టు చప్పుడైంది. చాపకు ఒక మూల కాస్త నీలం అంటింది, అంతే. కారు బానెట్ మీదా, పైకప్పు మీదా మాత్రం వాళ్లమ్మ అల్లిన అల్లిక, ఏ పోగుకు ఆ పోగు, అచ్చు గుద్దినట్టు దిగిపోయింది. అంచున ఈకలతో సహా.

ఇయెరోమె దాని మీద చెయ్యి వేసి, అంతా గీకి, మళ్లీ మొదటి నుంచీ చేసుకుంటూ రావాలన్నాడు. మళ్లీ నెల రోజులు పసిబిడ్డ. మళ్లీ చెట్టు లేని చోటు. ఆ చోటు ఎవరి ఇంటి ముందుందో గుర్తు చేసుకొని సభ భోజనాలకు లేచింది. పెలెనీసె అవ్వను ఊరు విడిచి పొమ్మనే అధికారం ఇప్పుడు ఎవరికీ లేదు. సాయంత్రం ఆవిడ సమాధికి మిగిలిపోయిన సున్నం వేసుకుంది.

తర్వాతి సభలో ఆ అచ్చును అలాగే ఉంచాలని తీర్మానించారు. అది మచ్చ కాదనీ, కావాలని వేయించిన అలంకారమనీ ఊరంతా చెప్పాలన్నారు. చెప్పాం. అదే సభలో తుయిమావె గారు ఒక లోతైన విషయం గమనించారు. ఊరు క్షమాపణ చెప్పింది. అది చెల్లింది. ఒక్కరి మోకాలూ వంగలేదు.

అప్పటి నుంచి మా కారుకు తీరిక లేదు. మా కుర్రాళ్లు ఫాతూమోనోలో నలుగురి తలలు పగలగొడితే కారే వెళ్లి కూర్చుంది. తెల్లవారకముందే తీసుకెళ్లి, వాళ్ల గుమ్మం ముందు నిలిపి, చాప కప్పి, నేను కాస్త దూరంగా నీడన కూర్చుంటాను. ఈ సంగతి అపియా దాకా పాకింది. కట్టిన ఏడాదే కూలిన వంతెన గుత్తేదారు తీసుకెళ్లాడు. ఆసుపత్రి మందులు అమ్ముకున్న అధికారి తీసుకెళ్లాడు. ఒక పెద్దమనిషి తన భార్య ఎదుట కూర్చోబెట్టడానికి కూడా తీసుకెళ్లాడు. ఆవిడ చాప ఎత్తకుండా టైర్లలో గాలి తీసింది. రంగు గురించి ఇప్పుడు ఎవరికీ బెంగ లేదు. ఒక్కొక్క చాపకు ఒక్కొక్క అచ్చు పడి, బానెట్ మీద ఇంకొక దానికి చోటు లేకుండా పోయింది. రోగులు ఎప్పటిలాగే బస్సులో వెళుతున్నారు.

నరికిన మొద్దు వేరు నుంచి సీమపనస పిలక ఒకటి లేచింది. అవ్వ దాని చుట్టూ రాళ్లు పేర్చింది. వాళ్లమ్మ చాపను మాత్రం పెట్టెలో పెట్టలేదు, గుమ్మంలోనే మడిచి ఉంచింది. నేను అటుగా పోతుంటే పిలిచి, "ఎవరైనా వస్తామన్నారా?" అని అడుగుతుంది. కారు ఖాళీగా లేదవ్వా అంటాను. "కారును కాదు నాయనా నేనడిగింది," అంటుంది.

మీరు కూడా ఎవరికైనా క్షమాపణ చెప్పుకోవలసి ఉంటే మొహమాటపడకుండా కబురు చేయండి. ఉండదనుకోండి, మీలాంటివారికి ఎందుకుంటుంది? అయినా ఉంటే, కారు వస్తుంది, మీ బదులు కూర్చుంటుంది, మీ మోకాళ్లకు శ్రమ ఉండదు. మీరు రానక్కర్లేదు. ఎవరూ రావడం లేదు. ఒక్కటే మనవి, ఆసుపత్రికి మాత్రం పిలవకండి.